పంకా సందులోంచి

విపావా లోయ, విమానాల మైదానం
1917 జూలై 19

చిరంజీవి నెజికాకు,

మీ నాన్న యెర్నెయ్ నిండు మనసుతో దీవించి రాయించేది. మరియమ్మ తల్లి దయవల్ల ఇక్కడ నేను కులాసా. బొరోవ్లెలో నువ్వు, బాబాయి, పిన్ని, మన తుపాకుల కొట్లో పనివాళ్ళు అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

దస్తూరీ చూసి కంగారు పడకు. ఇంజను తిప్పే కడ్డీ వెనక్కి తన్ని నా కుడి మణికట్టు బెణికింది. వాపు తగ్గేదాకా కలం పట్టలేను. అందుకని నేను చెప్తూ ఉంటే మిర్కో రాస్తున్నాడు. అవును, ఆ మిర్కోనే. నా సామాన్ల మూట ఇచ్చి రమ్మని పంపితే సెలవంతా మనింట్లోనే గడిపేసి, మూట ఇచ్చేసి, నిన్ను ఇమ్మని అడుగుతూ తిరిగొచ్చినవాడు. క్రొయేషియా వాడు కదా, మన భాష సరిగ్గా రాదు. ఈ ఉత్తరంలో తప్పులున్నచోట అవి వాడివి, తిట్లున్నచోట అవి నావి.

నీ ఉత్తరం అందింది. ఫొటో కూడా అందింది. సన్నబడ్డావు. పిన్నితో చెప్పు, పిల్లకి గంజి కాదు, మాంసం పెట్టమన్నానని. యుద్ధంలో మాంసం ఎక్కడిది అంటుంది, నాకు తెలుసు. అయినా చెప్పు.

నువ్వు రెండే అడిగావు. మిర్కోని చేసుకోమంటావా వద్దంటావా అని ఒకటి. సెప్టెంబరులో పెళ్ళికి వచ్చి చర్చిలో పీఠం దాకా నన్ను నువ్వే నడిపిస్తావా అని ఇంకొకటి. మొదటిదానికి జవాబు పెద్దది, రెండోదానికి చిన్నది. పెద్దది ముందు చెప్తాను.

అది పిన్ని ప్రశ్నతో మొదలవుతుంది. పిన్ని అడిగిందని రాశావు, విమానం ముక్కున పంకా గిరగిరా తిరుగుతుంటే దాని వెనక నుంచి తుపాకీ ఎలా కాలుస్తారు, పంకా ముక్కలైపోదా అని. మంచి ప్రశ్నే. పోయిన ఏడాది మాకూ ఆ భయమే. తుపాకీని ఒక పెట్టెలో పెట్టి విమానం పై రెక్క నెత్తిన బిగించేవాళ్ళం, తూటా పంకా మీదుగా పోవాలని. ఆ పెట్టెకి మా కుర్రాళ్ళు పసిబిడ్డ శవపేటిక అని పేరు పెట్టారు. గాల్లో తుపాకీ మొరాయిస్తే చెయ్యి అందదు. కింద కూర్చుని దాన్ని తిట్టుకోవడం తప్ప పైలట్ చేయగలిగింది లేదు.

ఇప్పుడొచ్చిన విమానాలకి తుపాకులు రెండూ ముక్కులోనే, ఇంజనుకి అటూ ఇటూ. తూటాలు పంకా రెక్కల సందులోంచి పోవాలి. కిటుకేమిటంటే, తుపాకీ ఎప్పుడు పేలాలో ఇంజనే చెప్తుంది. పైలట్ మీట నొక్కితే అది అనుమతి మాత్రమే. ఇంజనుతో పాటు తిరిగే ఇరుసు మీద చిన్న బొడిపె ఉంటుంది. పంకా రెక్క తుపాకీ గొట్టం ముందు నుంచి దాటగానే ఆ బొడిపె ఒక కడ్డీని ఎత్తుతుంది, కడ్డీ వెళ్ళి తుపాకీని తడుతుంది. ఆ బొడిపె సరైన చోట బిగించడమే ఇక్కడ మీ నాన్న ఉద్యోగం. ఎవరైనా పంకాని మెల్లగా తిప్పుతూ ఉంటే, నేను కడ్డీ మీద వేలు పెట్టి, టక్కుమన్న చోట ఆపమంటాను. దీనికి కళ్ళు కూడా అక్కర్లేదు. ఒక ఎడమ చెయ్యి, రెండు చెవులు చాలు.

కాకపోతే తుపాకీకి బద్ధకం. తట్టాక కాస్త ఆగి పేలుతుంది. ఇంజను మరీ జోరు మీద ఉంటే ఆ కాస్తలోనే రెండో రెక్క వచ్చి అడ్డం నిలబడుతుంది. అందుకని వేగం చూపించే సూది రెండు ఎర్ర గీతల మధ్య ఉన్నప్పుడే కాల్చాలి. గీత దాటాక కాలిస్తే తన పంకాని తనే కొట్టుకుంటాడు. అలా జరిగితే తెలియాలని పంకా రెక్కలకి సన్నని తీగ చుట్టి, పైలట్ ఎదురుగా ఒక బుల్లి దీపం పెట్టారు. తూటా రెక్కకి తగిలిందా, దీపం వెలుగుతుంది.

మే నెలలో నీ మిర్కో ఆ దీపం వెలిగించుకుని వచ్చాడు. ఇటలీవాడి వెనక తల్లకిందులుగా దూకాడట. అలా దూకితే ఇంజను జోరెక్కుతుందని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. విమానమంతా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూ ఒక చెర్రీ తోటలో దిగింది. వెళ్ళి చూస్తే పంకా రెక్కలో నా బొటనవేలు దూరేంత చిల్లు. సూది చూశావా అని అడిగాను. మేస్త్రిగారూ, కళ్ళ ముందు శత్రువుంటే సూదిని ఎవరు చూస్తారండీ అన్నాడు. నాయనా, నిన్ను చంపడానికి ఆయన జీతం తీసుకుంటున్నాడు, ఆయన పని నువ్వెందుకు చేసిపెడతావు అన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు తటపటాయిస్తున్నాడు. రాయరా అంటున్నాను. సూది చూడనివాడికి నా పిల్లని ఇచ్చేది లేదని ఆ రోజే మనసులో గట్టిగా అనుకున్నాను. అందుకే నువ్వు ఎన్నిసార్లు అడిగినా ఆ ఊసెత్తలేదు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం దిగాడు. తూటాల పట్టీలు చూద్దామని మూత తీస్తే రెండూ నిండుగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కటీ పేలలేదు. అప్పటికే ఆ వార్త మైదానమంతా పాకింది. శత్రువు దొరికితే వదిలేశాడట. మీ అల్లుడుగారు ఇటలీవాళ్ళకి దండం పెట్టి వచ్చారండోయ్ అని వంటవాడు గరిటె ఊపుతూ అరిచాడు. అందరూ పగలబడి నవ్వారు. వీడి మొహం కందిపోయింది.

ఏమైందిరా అని పక్కకి పిలిచి అడిగాను. ఎదురుగానే దొరికాడండీ, కానీ సూది గీత దాటి ఉంది, ఇంజను తగ్గించేలోపు మబ్బులో దూరిపోయాడు అన్నాడు. మరి వీళ్ళంతా నవ్వుతున్నారు కదా అన్నాను. నవ్వుకోనివ్వండి, నెజికా ఏడవకుండా ఉంటే నాకు చాలు అన్నాడు. నేను అటు తిరిగి పట్టీలు సర్దుతున్నట్టు నటించాను. నాకు ఏడుపు ఆగలేదు తల్లీ. మీ అమ్మ పోయాక నిన్ను అంతగా తలుచుకునే మనిషి నేనొక్కణ్ణే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ.

అందుకని చేసుకో. మనసారా చెప్తున్నాను. వీడు ఇది రాస్తూ ముక్కు ఎగబీలుస్తున్నాడు, కాగితం మీద తడి కనబడితే నాది కాదు.

ఇక రెండోది. నేను రాలేను. కొత్త విమానాలు వస్తూనే ఉన్నాయి, ప్రతిదానికీ బొడిపె బిగించాలి. ఇక్కడి ప్రతి కుర్రాడికీ ఎక్కడో ఒక నెజికా ఉంది, వాళ్ళని వదిలి ఎలా రాను? నిన్ను బాబాయి నడిపిస్తాడు. కోపం తెచ్చుకో, పరవాలేదు, కానీ బతిమాలుతూ ఉత్తరాలు రాయకు. కొట్టు నీది, పనిముట్లు నీవి. తుపాకీ పలకల మీద జింకల్ని నాకంటే నువ్వే బాగా చెక్కుతావు, ఇది ఇంతకుముందు నీతో ఎందుకు అనలేదో నాకే తెలియదు. పెళ్ళిబట్టలు ఎలా కుట్టించావో విడమరిచి రాయి. గుడ్డ ఏ రంగు, అంచు ఎలాంటిది, గుండీలు ఎక్కడెక్కడ, అన్నీ రాయి. ఫొటో మాత్రం తీయించకు, డబ్బు దండగ.

వేళకి తిను. పిన్నితో వాదించకు.

ఎక్కడున్నా నీ మేలే కోరుకునే
నాన్న, యెర్నెయ్ ఓగ్రిస్

(సంతకం వంకరగా ఉంటే ఎడమ చేతిదని తెలుసుకో.)

తా.క. నెజికా, ఇక్కడి నుంచి మిర్కోని. ఇది ఆయన చెప్పింది కాదు. పైన ఉన్నదంతా ఆయన చెప్పినట్టే రాశాను, నన్ను తిట్టిన తిట్లతో సహా. కానీ మణికట్టుకి ఏమీ కాలేదు. జూన్ చివర్లో నా విమానం తుపాకీని నేలమీద పరీక్షిస్తుంటే నాసిరకం తూటా ఒకటి వెనక్కి పేలి ఆయన మొహాన కొట్టింది. రెండు కళ్ళూ పోయాయి. ఇక చూపు రాదని లుబ్లియానా ఆస్పత్రిలో చెప్పేసి, సైన్యం నుంచి విడుదల చేశారు. ఆయన ఇంటికి రాకుండా నేరుగా ఇక్కడికే తిరిగొచ్చాడు. నెలాఖరు దాకా ఉండనివ్వడానికి మా కెప్టెన్ ఒప్పుకున్నాడు. ఆ తర్వాత గ్రాజ్‌లో గుడ్డివాళ్ళ శరణాలయంలో చేరిపోతాడట. కొత్తగా పెళ్ళయిన పిల్ల నెత్తిన గుడ్డివాణ్ణి కూర్చోబెట్టను అంటాడు. నీకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు తప్పుతున్నాను, నరకానికి పోతే పోతాను.

నువ్వు సన్నబడ్డావని చెప్పింది నేనే. ఫొటో ఆయన చొక్కా జేబులో ఉంది. తీసి వేలితో తడిమి, ఇది పైవైపేనా అని అడిగి, మళ్ళీ జేబులో పెట్టుకుంటాడు. పెళ్ళిబట్టల మాట దగ్గర ఇంకో మాట చెప్పి, వద్దు కొట్టెయ్ అన్నాడు. దాన్ని ఆ బట్టల్లో చూసేదాకా దేవుడు ఆగి ఉంటే ఏం పోయేది అని. అక్కడ కొట్టేశాను, ఇక్కడ రాస్తున్నాను.

కలం చప్పుడు విని ఇంకా ఏం రాస్తున్నావురా అంటున్నాడు. చిరునామా అన్నాను. ఇంత పొడుగు చిరునామానా, నా కూతురు ఏ దేశంలో ఉందనుకుంటున్నావు అంటున్నాడు.

త్వరగా చెప్తాను. మీ ఊరి దారిలో ఉన్న యెసెనీసె డిపోకి కొత్త తుపాకులు వచ్చాయని, అమర్చడానికి ఆయన చెయ్యే కావాలని కెప్టెన్ చేత చెప్పించాను. నమ్మాడు. పనిముట్ల సంచీ అప్పుడే సర్దుకున్నాడు. ఆగస్టు రెండు, గురువారం మధ్యాహ్నం బండికి నేనే తీసుకొస్తున్నాను. యెసెనీసె స్టేషన్‌లో ఉండు. ఏడుపొస్తే బండి రాకముందే ఏడ్చేసెయ్. ఆయన మెట్టు దిగగానే నేను నోరు విప్పను, నువ్వే ముందు నాన్నా అని పిలువు, చెయ్యి పట్టుకో. నేను చెప్తే మోసమని తెలిసి మళ్ళీ బండెక్కేస్తాడు. నువ్వు పిలిస్తే ఎక్కలేడు.