మెట్లు లేని ఇల్లు

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు మూడేళ్లు. సెలవు పెట్టలేదు, డ్యూటీకే వెళ్లాను. ఇప్పుడు నేను పెద్దాసుపత్రి ఓపీ కౌంటర్లో కంప్యూటర్ ఆపరేటర్ని. నీ రోజుల్లోలా చీటీలు పోవు. రోగి ఆధార్ నంబరు కొడితే చాలు, ఏ ఊరి ఆసుపత్రిలో చూపించుకున్నా అన్నీ తెర మీదకొస్తాయి.

పొద్దున్న పొందూరు వైపు నుంచి ఒకామె వచ్చింది. దవడ పగిలింది, కొంగంతా రక్తం. పక్కన మొగుడు. "మెట్ల మీంచి పడిపోనాదండి" అన్నాడు. నంబరు కొట్టాను. ఒకసారి ముక్కు, ఒకసారి చెయ్యి, ఒకసారి పక్కటెముకలు. మూడు ఆసుపత్రుల్లోనూ రాసిన కారణం ఒకటే, మెట్లు.

డాక్టరమ్మను పిలిచి చూపించాను. ఆవిడ ఆమెనే అడిగింది, "మీ ఇంటికి ఎన్ని మెట్లమ్మా?"

ఆమె తల దించుకుంది. "మాది పూరిల్లండి. మెట్లు నేవు."

"ఏటే వాగతన్నావు?" అంటూ వాడు అక్కడే ఆమె జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. నేను కీబోర్డు వైరుతో సహా పీకి, వాడి మొహం పగిలేదాకా బాదాను. సెక్యూరిటీ వాళ్లు నన్ను లాగాల్సొచ్చింది. వాణ్ణి పోలీసులు తీసుకెళ్లారు. నాకు మెమో ఇస్తారట, ఇవ్వనీ.

అందరూ నా తెగువను మెచ్చుకుంటున్నారు. బావ నీ చెయ్యి విరిచిన రోజు నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనని వాళ్లకు తెలియదు. డాక్టరు అడిగితే నీకన్నా ముందు నోరు తెరిచి, "మెట్ల మీంచి పడిపోనాదండి" అన్నది నేనే. ఆ తర్వాతి దెబ్బలకు నువ్వు ఆసుపత్రి దాకా కూడా రాకుండానే పోయావు.

ప్రతి పండక్కీ మీ వాకిట్లో ముగ్గేసింది నేనే. మీ ఇంటికి మెట్టన్నదే లేదని నాకు తెలుసక్కా.