మూడో పాటలో డ్రాగన్

బావగారికి,

మీ ఎలక్ట్రానిక్ ఆల్బమ్ మొత్తానికీ నా బొమ్మల సినిమా గీయడం పూర్తయింది. అందులో మాటల్లేవు, అంతా మీ సంగీతమే. తీరా ఇప్పుడు మూడో పాటలో ఆ గుర్రుమనే శబ్దం తీసేస్తానంటే ఎలాగండీ? అది మీ కీబోర్డు కాదనీ, పక్కగదిలో పడుకున్న నాన్న గురక మీ మైకులో పడిందనీ నాకేం తెలుసు? ఆ గురకకే డ్రాగన్ చేత నిప్పులు కక్కించాను. అది లేకపోతే డ్రాగన్ ఊరికే ఆవలిస్తున్నట్టుంటుంది. మీకు దణ్ణం పెడతాను, దాన్ని ముట్టుకోకండి.

నిన్న రాత్రి పడుకోబోయేముందు నాన్నకి చూపించాను. తను గురకే పెట్టనని వాదించే మనిషి కదా! "డ్రాగన్‌కి గొంతిచ్చినాయన ఎవరోగానీ గొప్పోడే! ఆయన్నోసారి నేరుగా వినాలి" అన్నారు.

"పెళ్లయిన దగ్గర్నుంచీ నేను వింటూనే ఉన్నా" అంటూ అమ్మ దిండు తీసుకుని హాల్లోకి వెళ్లిపోయింది.

మీ మరదలు