సత్తు బండి

మార్చి 4, 2003. పలాస
అప్ప ఇవాళ కూడా బడికి వెళ్ళలేదు. ఆమె కాళ్ళకి బదులైన ఆ ఇనప మూడు చక్రాల బండి చేత్తో తిప్పితే జీడితోటల ఇసకలో కదలదు. వెనక నుంచి తోసేవాళ్ళు దొరికిన రోజే ఆమె టీచరు. ఒళ్ళు మండిపోయింది. వెల్డరు తమ్ముడు ఉండి అక్కకి ఏం లాభం?

ఐ.టి.ఐ.లో అల్యూమినియం అనేవారు, ఇంట్లో సత్తు. దాంతో కొత్త బండి చేస్తాను. తేలిగ్గా.

మార్చి 7
పాత సామాన్ల కొట్టు. విరిగిన సత్తు నిచ్చెన, జీడిపప్పు ఫ్యాక్టరీ వాళ్ళు పారేసిన ట్రేలు. కట్టగట్టి ఒంటిచేత్తో ఎత్తాను — నవ్వొచ్చింది.

మార్చి 10
ఇనుమైతే కాలితే ఎర్రబడుతుంది. ఇది చెప్పాపెట్టకుండా కరిగి జారి పడుతుంది. రెండు ముక్కలు పోయాయి... తర్వాత గుర్తొచ్చింది. ముందు సబ్బుతో గీత గీయాలి. అది నల్లబడితే ఇక మంట జాగ్రత్త.

మార్చి 15
అతుకు నిండా చిల్లులు, అట్టుకి పడ్డట్టు. సీటు మీద కూర్చుని చూశాను. పుటుక్కుమంది. చేతుల మీద బొబ్బలు. మంట తగిలిందనుకున్నాను.

అప్ప ట్రే ముక్క వాసన చూసింది. "జీడి నూనెరా ఇది! తోమకుండా అతికేత్తన్నావేటి?"

పలాసలో పుట్టి జీడి సంగతి మరిచాను. బొబ్బలూ చిల్లులూ దాని పనే. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను.

మార్చి 16, ఆదివారం
చేతులకి ఆముదం రాసుకుని అప్ప ట్రేలు తోముతోంది. సోడా, వేడినీళ్ళు, కొబ్బరిపీచు. నన్ను ముట్టనివ్వదు. "అతుకు నీది, తోముడు నాది. నా బండి కదేటి?"

నిజమే. ఇన్నాళ్ళూ నా బండి అనుకుంటున్నాను.

మార్చి 22
అతుకు నున్నగా వచ్చింది. సుత్తితో కొట్టాను. ఊడలేదు. ఇంకోసారి కొట్టాను... ఊడలేదు!

మార్చి 29
ఇరుసు, చైను ఇనుమే. మిగతాదంతా సత్తు. "సత్తంటన్నావు, సత్తువుందా దీనికి?" అని అప్ప. ఎక్కి వాకిట్లో మూడు చుట్లు తిప్పింది. ఇక దిగదే.

మార్చి 31, సోమవారం
ఒంటిపూట బడి. ఒక్కతే బయల్దేరింది. "ఎనకాల వత్తే ఊరుకోను, సూడు."

ఒంటిగంట దాటింది. ఇంకా రాలేదు. అతుకు గుర్తొచ్చింది. తోట మలుపు దాకా వెళ్ళాను. ఇసకలో చక్రాల గీతలు మూడు, చక్కగా బడివైపు. వాటి వెనక తోసినవాళ్ళ అడుగులు లేవు.

నా అడుగులు పడకుండా అక్కడే ఆగి, వెనక్కి వచ్చేశాను.