ఆవుకి పోసిన గంజి

అప్పా,

డూటీకి ఎల్తన్నాను. రేత్రికి బియ్యం ఒక్కసారే కడుగు. అన్నిసార్లు తోమడానికి అవేటి, గిన్నెలా? గంజి వార్చకు, అత్తెసరు పెట్టు. బలం అలాగే పోతందని, అందుకే నా మేనల్లుడు ఆదిబాబుకి నోరు పూసిందని డాక్టరు చెప్పేడు కదా! మిల్లోడు తవుడు తీసీగా మిగిలింది నువ్వు కడిగీసి, గంజి జోగమ్మత్త ఆవుకి పోత్తన్నావు. ఆ ఆవు రేపో మాపో కుస్తీకి దిగుద్ది. మన పిల్లోడు ముద్ద నోట్లో పెడితే మండి ఏడుత్తన్నాడు. మళ్ళీ నువ్వే విటమిన్లు కలిపేరని సాక్చీ బజారుకెల్లి డబల్ రొట్టె కొంటావు!

తవిటయ్య

బలమంతా తవుడులోనే ఉంటాదంట. నీ తరవాత పుట్టినోళ్ళు దక్కలేదని, నేను పుట్టగానే అమ్మ చేటెడు తవుడిచ్చి నన్ను కొనుక్కుంది కదా. నన్నొగ్గీసి ఆ తవుడే ఉంచుకోవలిసింది. అల్లుడికి పనికొచ్చీది.