రంగు పట్టని జాగా

దిల్‌సుఖ్‌నగర్ బిల్డింగు ఓనరు అరుణ్‌కుమార్ సారుకు, మూడో అంతస్తులో కిరాయికుండే ముసలామె చెప్పి రాయిస్తున్నది.

మెట్ల గోడ మీద నేను దయ్యం బొమ్మ వేశానన్నావట. నేను వేసింది పూలు సారూ. పోచంపల్లిలో నలభై ఏండ్లు నూలుకు రంగులద్దిన చెయ్యి, ఊరికే ఉండదు. మా ఆయన గుండయ్య రోజూ ఆ గోడకే ఆనుకుని కూర్చునేవాడు. ఆయన పోయాక అక్కడ రంగు పట్టడం లేదు. మనిషి కూర్చున్నట్టు తెల్లగా మిగిలింది. నీ పెయింటరు ఆ జాగాకు మూడుసార్లు రంగు వేసి, "అవ్వా, నీ ముసలాయన నీకన్న మొండోడు" అని డబ్బా పట్టుకుని పోయాడు.

మా పనిలో నూలును బిగించి కట్టిన చోట రంగు దిగదు. రంగు వేయడం అందరికీ వస్తుంది, ఆపడమే పనితనం. ఇక్కడ ఆపింది నేను కాదు.

నిన్న ఆయన పక్కన ఇంకో తెల్ల ఆకారం తేలింది. వీపు ఆనించి కూర్చుని చూశాను. నా గూనితో సహా సరిపోయింది. ఈ ఉత్తరం రాస్తున్న పక్కింటి మాలతి అది చూసి ఏడ్చింది. "ఏడుపెందుకే? బస్సుల తువ్వాల ఏసి సీటు ఆపినట్టు ఆపిండు" అన్నాను.

సోమవారం ఆ గోడకు టైల్స్ వేయిస్తావట. జర ఆగు. నా ఆకారానికి పాదాల దగ్గర ఇంకా పూలే ఉన్నాయి. అవి కూడా తెల్లబడ్డాక నీ ఇష్టం.

కింద ఉన్నది నా వేలిముద్రే.