దేశాలు తినేసిన డబ్బు

భావనపాడు,
18-2-1968

చిరంజీవి కొండబాబును మీ అయ్య గంగులు నిండు నూరేళ్ళూ బతకమని దీవించి రాయునది.

ఇక్కడ మేమందరం కులాసా. ఓడలో పాతికమందికి పదేళ్ళపాటు ఉత్తరాలు రాసిపెట్టిన చెయ్యి కాబట్టి ఆ మాట దానంతటదే పడిపోయింది. అసలు సంగతి నువ్వే చదువుకుంటావు. నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాద్దామని నాలుగుసార్లు కూర్చున్నాను, నాలుగుసార్లూ లేచిపోయాను. ఈమధ్య ఏ పని పట్టినా సగంలో కూలబడుతున్నాను. వల బాగుచేద్దామని కూర్చుంటే రెండు కన్నులు ముడివేసేసరికి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. యాభై ఎనిమిదేళ్ళకే ఇలా అయితే ఎలాగని మీ అమ్మ దెప్పుతోంది. దాని మోకాలు నొప్పి అలాగే ఉంది. నువ్వు రాశావని నౌపడ తీసుకెళ్ళి డాక్టరుకు చూపించాను. మందుసీసా ఇచ్చాడు. అది చేదుగా ఉందని మీ అమ్మ తాగడం లేదు, నీకు మాత్రం తాగుతున్నానని రాయమంది.

నీ మొదటి ప్రశ్న సింగపూరు పాత నోట్ల గురించి. నూట నలభై డాలర్లు పెట్టెలో దాచుకున్నాననీ, మొన్న నవంబరులో ఇంగ్లీషు పౌను ధర పడిపోయిన మర్నాటికి పాత డాలరుకు కొత్త డబ్బులో ఎనభై అయిదు సెంట్లే ఇస్తామన్నారనీ ఏడుస్తూ రాశావు. ఏడుపెందుకురా? నువ్వేం తప్పు చేశావు? ఎక్కడో లండనులో ఎవరో సంతకం పెడితే నీ పెట్టెలో నోటు చిక్కిపోయింది. అంతకు ముందు ఏడు మన రూపాయినీ ఇలాగే కోశారు. మళ్ళీ పాత ధర వస్తుందని మాత్రం కూర్చోకు. రేపో మాపో ఆ నోట్లు అసలే చెల్లవంటారు. ఓడ సింగపూరులో ఆగగానే బ్యాంకుకు పోయి కొత్తవి తీసుకో. పోయిన ఇరవై ఒక్క డాలర్లు పోయినట్టే అనుకో, సముద్రంలో పడ్డ చేప లెక్క.

రెండోది, ఏ రేవులో మార్చుకోవాలని. ఒక్కమాట గుర్తుపెట్టుకో. డబ్బు మారినప్పుడల్లా అరుగుతుంది. రంగూనులో ఒకసారి, పినాంగులో ఒకసారి, కొలంబోలో ఒకసారి మార్చావా, ముగ్గురి కడుపులు నింపావన్నమాట. జీతంలో ఎక్కువ భాగం కంపెనీ వాళ్ళ దగ్గరే ఉంచి, నెలనెలా ఇంటికి పంపే ఏర్పాటు చేసుకో. చేతికి ఖర్చు మటుకే తీసుకో. మార్చేవాడి దగ్గరకు వెళ్ళినప్పుడు ‘నువ్వు కొంటే ఎంత, అమ్మితే ఎంత’ అని రెండూ అడుగు. ఆ రెండింటికీ మధ్య ఉన్నదే వాడి లాభం. మళ్ళీ పైన కమీషనంటే అక్కణ్ణుంచి లేచిపో. ఓడ నిచ్చెన దగ్గరకు పడవల్లో వచ్చి అరిచేవాళ్ళకు ఒక్క పైసా ఇవ్వకు. చిల్లర ఏ దేశానిది ఆ దేశంలోనే ఖర్చుపెట్టేయి. నాణేలు పొలిమేర దాటితే పిల్లలు ఆడుకోవడానికే.

కానీ ఒరే, నువ్వు కోతకు భయపడి మూడు నెలలుగా ఒడ్డుకే దిగలేదని రాశావు. పన్ను నొప్పితో మొహం వాచినా జపాను కోబేలో డాక్టరు దగ్గరకు పోలేదట. ‘అయ్యా, దేశాలు డబ్బు తినేస్తాయని చిన్నప్పణ్ణుంచి నువ్వు చెప్పిన మాటే చెవుల్లో ఉంది’ అన్నావు. అది చదివాక నాకు అన్నం సహించలేదు. పో, పన్ను పీకించుకో. మార్చుకుంటే వందకు రెండో మూడో పోతాయి, అంతే. దేశాలేం తినవు.

ఇక నీ మూడో ప్రశ్న. దాన్ని ఇంతదాకా తోసుకొచ్చాను.

మీ ఓడలో వంట చేసే కళింగపట్నం సోములు ముసలాయన, పూర్వం నాతోనూ జగన్నాధం చిన్నాన్నతోనూ పనిచేశానని చెప్పాడన్నావు. పినాంగు ఆస్పత్రిలో చిన్నాన్న పోయే ముందు ఆరువందల డాలర్లు తన కళ్ళముందే మూట కట్టి, ‘అన్నా, లక్ష్మణమ్మకియ్యి’ అని నా చేతికిచ్చాడని చెప్పాడన్నావు. నువ్వు లెక్క కూడా కట్టావు. వందకు మూడు చొప్పున నాలుగు దేశాలు తిన్నా నూటపాతిక రూపాయలకు మించి పోవనీ, మరి లక్ష్మణమ్మ పిన్నికి రెండువందల పదే ఎందుకొచ్చాయనీ అడిగావు. ‘ఏ దేశం తినేసినాది అయ్యా?’ అని అడిగావు.

ఏ దేశమూ తినలేదు. నేను తిన్నాను.

ఆ డాలర్లు నాలుగు దేశాల్లో మారలేదు. మూట విప్పకుండా కలకత్తా దాకా తెచ్చి, అక్కడ ఒక్కసారే మార్చాను. తొమ్మిదివందల ఇరవై రూపాయలు వచ్చాయి. రైలెక్కి నౌపడలో దిగేదాకా అవి లక్ష్మణమ్మవే. దిగి ఇంటికొచ్చేసరికి మా అయ్య నావ తుపానుకు బద్దలై ఒడ్డున పుల్లలై ఉంది. నీకు నాలుగేళ్ళు, ఒళ్ళంతా చిడుము. మీ అమ్మ ఉప్పుమళ్ళలో కూలికి పోతోంది. నా సంపాదన చాలావరకు రేవుల్లోనే పోయింది, ఎలా పోయిందో నీకు చెప్పనక్కర్లేదు. మూటలోంచి రెండువందల పది తీసి లక్ష్మణమ్మ చేతిలో పెట్టాను. ‘ఉన్నదే కొంచెం, అందులో సింగపూరు, పినాంగు, కొలంబో, రంగూను తినేసింది పోగా ఇది మిగిలింది’ అన్నాను. ఆ పిల్లకు అప్పుడు ఇరవై ఏళ్ళు. మెడలో పుస్తె పడ్డాక మొగుడితో ఏడాది కాపురం కూడా చెయ్యలేదు. నేను చెప్పిన దేశాల పేర్లు నోట్లో తిప్పుకుంటూ తలూపింది.

ఎంత దాచాడో ఆమెకు ఎలా తెలుస్తుంది? సంపాదన అంకె ఉత్తరంలో పెడితే దిష్టి తగులుతుందని మనవాళ్ళ నమ్మకం. జగన్నాధం ఉత్తరాలన్నీ రాసింది నేనే. ‘ఎంత పోగేసినానో రాయన్నా, సంతోషపడతాది’ అని ఒకసారి బతిమాలాడు. దిష్టిరా, వద్దురా అని నేనే ఆపాను. అప్పుడు నా మనసులో ఏ పాపమూ లేదు, నమ్ము. పాపం తర్వాత వచ్చింది, వచ్చేసరికి దారి సిద్ధంగా ఉంది.

మిగతా ఏడువందల పదీ పెట్టి నావ కొన్నాను. రెండేళ్ళలో తీర్చేద్దామనుకున్నాను. ఆ నావ మీదే నువ్వు పెరిగావు, టెక్కలి బడికి పోయావు. ఏడాదికేడాది ఆ బాకీ అడుగున పడిపోయింది. మన వలలో చేప పడిన రోజున ఆమెకు ఓ గంపెడు పంపేవాణ్ణి. ‘గంగులు బావ దేవుడు’ అనేది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకునేవాణ్ణి. ఆమె పదిహేనేళ్ళుగా నౌపడ ఉప్పుమళ్ళలోనే ఉంది. అరికాళ్ళు బీటలిచ్చి ఉప్పు తగిలినప్పుడల్లా నెత్తురు కారుతుంది.

నీ ఉత్తరం వచ్చాక ఏదో ఒకటి అల్లి రాసేద్దామనుకున్నాను, దాచకుండా చెబుతున్నాను. అంతలో పోయిన సోమవారం లక్ష్మణమ్మ మనింటికొచ్చింది. కూలి మానుకుని శ్రీకూర్మం వెళ్ళొచ్చింది. ప్రసాదం చేతిలో పెట్టింది.

“కొండబాబు కోసరం మొక్కినాను బావా,” అంది. “ఆ దేశాల్ని పదిహేనేళ్ళు తిట్టినాను. మట్టి కొట్టుకుపోవాల, మా మావ కష్టం తిన్నోళ్ళు మాడిపోవాల అని రోజూ పొద్దున లేచి పేరుపేరునా తిట్టీదాన్ని. ఇపుడు మన పిల్లడు ఆటిల్లోనే తిరగతన్నాడు గదా! నా తిట్లు ఆడికి తగిలితే ఏటైపోతాది? అందుకే ఎల్లి, ఎనక్కి తీసుకుంటన్నానని సామికి సెప్పేసినాను. సింగపూరు సల్లగుండాల, పినాంగు సల్లగుండాల అని అన్నీ సెప్పినాను. ఒకటేదో మర్సిపోనాను, ఏటది?”

కొలంబో అని అందించాను. నా నోటితో నేనే అందించానురా. ఆ తిట్లన్నీ ఎవరికి తగలాలో నాకు తెలుసు. ఆమె మాత్రం నీ క్షేమం కోసం వాటిని వెనక్కి తీసుకుంటోంది.

మూడు రోజులు ఇంట్లోనే పడి ఉన్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఉప్పుమళ్ళ దగ్గరకు వెళ్ళాను. గట్టు మీద కూర్చుని గంజి తాగుతోంది. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. దేశాలు తినలేదు, నేను తిన్నాను, మన నావ నీ మొగుడి డబ్బే అని చెప్పాను. చెప్పుతో కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

గంజి గిన్నె కింద పెట్టింది.

“ఎంతన్నావు?” అంది.

“ఆరువందల డాలర్లు. మన డబ్బుల్లో తొమ్మిదివందల ఇరవై.”

“మళ్ళీ సెప్పు.”

మళ్ళీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకుంది. వేళ్ళ మీద వందలు లెక్కపెట్టుకుంది. ఆ తర్వాత గట్టు మీద అలాగే కూలబడి, చేతులతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నా మీద కోపంతో ఏడుస్తోందనుకున్నాను.

“అంత దాసినాడా మా మావ!” అంది. “నాలుగేళ్ళలో అంతేనా మిగిల్చినాడు, నా మీద పేనం నేదు, తాగి తగలేసినాడు అనుకున్నాను గదా నాను. దేశాల్ని తిట్టి తిట్టి, ఆకరికి మావనీ తిట్టీదాన్ని. సచ్చిపోనోడికి ఒక్కనాడు దీపం ఎట్టనేదు. అంత దాసినాడా?”

ఒరే కొండబాబూ, నేను ఏడువందల పది రూపాయలు దొంగిలించాననుకున్నాను ఇన్నాళ్ళూ. ఎంత దొంగిలించానో ఆ గట్టు మీద తెలిసింది.

మీ అమ్మకూ చెప్పాను. అప్పణ్ణుంచి నాతో మాట్లాడటం లేదు, అన్నం పెట్టి పక్కకు పోతోంది. నావ అమ్మకానికి పెట్టాను. పాతదైపోయింది, అయినా వచ్చినదంతా లక్ష్మణమ్మకే. చాలకపోతే చేతనైనన్నాళ్ళు పరాయి నావ మీద కూలికి పోతాను. నీ జీతంలోంచి ఒక్క పైసా పంపొద్దు, ఇది నీ బాకీ కాదు. ఆమె మటుకు ఆ రోజు డబ్బు మాటే ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెం తేలిక పడేది.

ఆమె అడిగింది ఒక్కటే. “కొండబాబుకి ఉత్తరం రాయి. ఆ సోములుగోరిని అడగమను. మూట కట్టినపుడు మా మావ నా గురించి ఏటన్నాడో, ఎలగన్నాడో అడిగి రాయమను.”

నేనూ అక్కడే ఉన్నాను కదా, వాడి మంచం పక్కనే. ప్రతి మాటా నాకు గుర్తుంది. చెబుదామని నోరు తెరిచాను.

“నువ్వు సెప్పకు,” అంది. “దేశాల పేర్లు కూడా నువ్వే సెప్పినావు.”

అందుకని నాయనా, సోములును కూర్చోబెట్టి అడుగు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయి, ఒక్క మాట కలపకు, ఒక్క మాట తియ్యకు. ఆ ఉత్తరం నా పేర పంపొద్దు. బడిలో నరసింగరావు మాస్టారి పేర పంపు, ఆయన ఆమెకు చదివి వినిపిస్తారు. ముసలాయన పెద్దవాడు, ఆలస్యం చెయ్యకు. నాకు మళ్ళీ రాయాలని నీకు అనిపించకపోయినా సరే, ముందు అది రాయి.

ఇట్లు,
ఈ ఉత్తరం మడిచేదాకా నీ అయ్యనే, ఆ తర్వాత నీ ఇష్టం,
గంగులు