ఊఁ కొట్టని తల్లి

శ్రావణ శుక్రవారం, 1969
చిక్కడపల్లి

సాయంత్రం దీపం పెట్టి, లక్ష్మీదేవి పటం ముందు నా మనసులో మాటలు చెప్పుకుంటున్నాను. అప్పుడే లైబ్రరీ నుంచి వచ్చిన ఆయన, కదులుతున్న నా పెదవులు చూసి నవ్వారు.

"రోజూ ఇంతసేపు చెబుతావు కదా, ఆవిడ ఒక్కసారైనా ఊఁ కొట్టిందా?"

"లేదండీ."

"మరి వింటోందని రుజువేమిటి?"

నాది ఐదో తరగతి చదువు. రుజువులు నాకెక్కడివి? లేచి అన్నం వడ్డించడానికి వెళ్లాను.

పొద్దున పంపు దగ్గర ఇంటి ఓనరమ్మ నన్ను పట్టుకుంది. "ఏం పిల్లా, ముఖం గట్ల గుంజుకపోయింది? నెల తప్పిందా ఏంది? మీ ఆయనకు చెప్పినవా లేదా?" అని అడిగింది. అందుకే అన్నాలయ్యాక, పుస్తకం చదువుకుంటున్న ఆయన దగ్గరికి వెళ్లి, "ఏవండీ, నాకు రెండో నెలండీ" అన్నాను.

"ఊఁ" అన్నారు. పేజీ తిప్పారు. నేను అక్కడే నిలబడి ఉంటే, "మంచినీళ్లు తెచ్చావా?" అన్నారు.

ఊఁ కొట్టిన మనిషి వినలేదు. మరి ఊఁ కొట్టనంత మాత్రాన ఆ తల్లి విననట్టు ఎలా అవుతుంది? ఆయన ప్రశ్నకు జవాబు దొరికింది. చెబుదామంటే నిద్రపోయారు.

అయినా నాకు సంతోషంగా లేదు. అమ్మవారు ఎంత విన్నా, కడుపులో బిడ్డకి తండ్రి ఆయనే కదా.

రేపు పుస్తకం పక్కన పెట్టించి మళ్లీ చెప్పాలి. అంత ధైర్యం నాకెక్కడిది? ముందు ఆ తల్లినే అడగాలి...